ఉయ్యాల తాడు

జమాల్ బాబా శిష్యుడు దస్తగిరి జోల పాడితే దర్గా గుమ్మటం కూడా ఆవలించేది. అంతటి దస్తగిరికి, ఇంకా పన్నయినా రాని ఒక పిల్ల చేతిలో పరువు పోయింది.

ఆ పిల్ల ఓబుళమ్మ కూతురు. అది ఏడిస్తే కొండమీది నెమళ్లు పక్క తాలూకాకి కాపురం మార్చేవి. ఒక కునుకు తీసేది, కదిలేది, కెవ్వుమనేది. దానివల్ల తల్లికీ నిద్రలేదు. మొన్న పొయ్యి ముందే కునికి కొంగు అంటించుకుంది. పక్కింటావిడ చూడబట్టి బతికింది.

"ఇంక నావల్ల కాదు బాబా. ఒక తాయెత్తు కట్టండి," అంది ఓబుళమ్మ.

"తాయెత్తెందుకమ్మా, నేను లేనూ?" అన్నాడు దస్తగిరి.

దర్గా గదిలో చీర ఉయ్యాల కట్టాడు. మనుషుల మొహాలు కనిపిస్తే పిల్ల పడుకోదని, తాడు కిటికీలోంచి బయటికి తీసి తాను అరుగుమీద కూర్చున్నాడు. లోపల పిల్ల "ఊఁ" అంటే చాలు, తాడు గుంజి జోల అందుకునేవాడు. పిల్ల మేలుకునేది. ఇంకా గట్టిగా ఊపేవాడు. సాయంత్రానికి పిల్లతోపాటు దూలం కూడా ఏడ్చింది.

"రేపు చూడండి బాబా. దీన్ని నిద్రపుచ్చకపోతే అన్నం ముట్టను."

బాబా తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉయ్యాల తాడు వంక చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఓబుళమ్మ పిల్లకు పాలిచ్చి, ఉయ్యాలలో వేసి, పక్క గదిలో ఒరిగింది. బాబా ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. బయట దస్తగిరి తాడు అందుకున్నాడు. పిల్ల మూలిగినప్పుడల్లా ఏనుగును లాగినట్టు లాగాడు. ఎంతసేపటికీ ఏడుపు వినిపించలేదు. పొద్దు వాలింది. అప్పుడు మీసం దువ్వుకుంటూ లోపలికొచ్చాడు.

"చూశారా బాబా, నా చెయ్యి..."

ఉయ్యాలకు తాడు లేదు. ఆ తాడు కొస బాబా కాలి బొటనవేలికి కట్టి ఉంది. వేలు వంకాయంత వాచింది.

ఇంతలో పిల్ల కదిలింది. మొహం చిట్లించి మూలిగింది. దస్తగిరి గబుక్కున వంగి గొంతు సవరించుకోబోయాడు. బాబా అతని మణికట్టు పట్టుకున్నాడు.

ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. పిల్ల కళ్లు తెరవలేదు. కాళ్లు తన్నింది, గాలిలో పిడికిలి వెతుక్కుంది, నోటికి దొరకగానే చప్పరించింది. మళ్లీ నిద్రలోకి జారింది. పక్క గదిలో ఓబుళమ్మ గురక, రైలు వంతెన దాటుతున్నట్టు.

"మధ్యాహ్నంనుంచీ అది ఇలాగే..." అని దస్తగిరి గొణిగాడు.

"అది బాగానే పడుకుంది," అన్నాడు బాబా వేలినుంచి తాడు విప్పుకుంటూ. "నాకే కునుకు పట్టనివ్వలేదు నువ్వు."

దస్తగిరి కింద కూర్చుని బాబా పాదం ఒళ్లో పెట్టుకున్నాడు. వాచిన వేలు నిమిరాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"మరి నా అన్నం, బాబా?"

"తిను నాయనా. గిన్నె చప్పుడు కాకుండా."