పక్కవాడి ఈగ

హిమాలయ లోయలో, ఉరవడిగా పారే ఒక ఏటి ఒడ్డున బేలీరామ్ అనే జాలరి ఉండేవాడు. పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు గానీ, పక్కవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే ఆ పూట అతనికి అన్నం సహించేది కాదు.

ఆ ఏట్లో ట్రౌట్ చేపలు ఉండేవి. నీటి మీద తేలివచ్చే పురుగుల్ని చటుక్కున అందుకోవడం వాటి అలవాటు. అందుకని అక్కడివాళ్లు గాలపు కొక్కేనికి కోడిపుంజు మెడ ఈకలు చుట్టి, మైనం రాసి, అచ్చం ఈగలా కనిపించే ఎరను కట్టేవారు. ఎంత ఉరవడిలోనైనా అది మునగకుండా తేలాలి. చేప నోట పట్టగానే గాలాన్ని లాగాలి. క్షణం ఆలస్యమైతే అవి ఉత్త ఈకలని కనిపెట్టి చేప ఉమ్మేస్తుంది.

బేలీరామ్ ఈగలు బాగానే కట్టేవాడు. కానీ ఊరంతా పక్కింటి దూనీచంద్ ఈగల్నే పొగిడేది. అది వింటే బేలీరామ్‌కు ఒళ్లు మండిపోయేది. "వాడి కోళ్లు మంచివి, అంతే!" అనేవాడు.

ఒక వేసవిలో ఏటి సంఘం వాళ్లు, వచ్చిపోయే యాత్రికులకు గాలం వేయడం నేర్పే పని ఒకరికి ఇస్తామన్నారు. సొంత ఈగతో ముందుగా చేపను పట్టినవాడిదే ఆ పని. బేలీరామ్ ఏటా చలికాలంలో పెళ్లాంబిడ్డల్ని వదిలి మైదానాలకు కూలికి పోయేవాడు. ఈ పని దొరికితే ఆ జీతంతో ఏడాదంతా గడుస్తుంది, ఇక ఇల్లు కదలక్కర్లేదు. పట్టుదలగా కూర్చుని, ఎన్నడూ కట్టనంత మంచి ఈగ కట్టాడు.

పోటీనాడు బేలీరామ్, దూనీచంద్ ఇద్దరూ పక్కపక్క బండల మీద నిలబడి గాలాలు వేశారు. బేలీరామ్ ఈగ నురగల మీద దర్జాగా తేలింది. కానీ అతని కళ్లు దూనీచంద్ ఈగను వదల్లేదు. ఇంతలో ఒక సుడి వచ్చి దాన్ని ముంచేసింది.

"మునిగింది! చూశారా, మునిగింది!" అని బేలీరామ్ సంబరంగా కేక పెట్టాడు.

"నీ ఈగ చూసుకో నాయనా!" అని సంఘం పెద్ద చంపాదేవి అరిచింది.

అతను తల తిప్పేసరికి నీళ్ల మీద ఒక తోక మెరిసింది, అంతే. మూరెడు చేప అతని ఈగను పట్టి, ఉమ్మేసి పోయింది.

దూనీచంద్ మాత్రం తడిసిన ఈగను గాలిలో విదిలించి, ఆరనిచ్చి, మళ్లీ వేశాడు. కాసేపటికి జానెడు చేపను ఒడ్డుకు లాగాడు. పని అతనిదే అయింది.

బేలీరామ్ బండ మీద కూలబడ్డాడు. "నా ఈగలో ఏం లోపం అమ్మా?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఏ లోపమూ లేదయ్యా. చేప ముందు నీ ఈగ దగ్గరికే వచ్చింది. మేమందరం చూశాం. చూడనివాడివి నువ్వొక్కడివే" అంది చంపాదేవి.

ఆ చలికాలం కూడా బేలీరామ్ మూట కట్టుకుని మైదానాలకు పోయాడు.

పక్కవాడి ఓటమి కోసం కాచుకుని ఉండేవాడు తన చేతికందిన గెలుపును జారవిడుచుకుంటాడు.