డ్రాగన్ తలమీద దుప్పి కొమ్ములు

రండి నాయనా, దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ కార్డుల ఆట కాసేపు ఆపండి. డ్రాగన్ బొమ్మ ఎవరి దగ్గరుంది? అందరికీ కనబడేలా పట్టుకో తల్లీ. పాము ఒళ్ళు, గబ్బిలం రెక్కలు, గద్ద గోళ్ళు, దుప్పి కొమ్ములు. ఇవన్నీ దానికెలా వచ్చాయో, స్వామి పలికించినంత చెబుతాను.

ఒకప్పుడు దుప్పి కొమ్ములు రాలేవి కావు. మొలిచినవి చచ్చేదాకా ఉండేవి.

ఆ రోజుల్లో ఎండాకాలం వస్తే చాలు, అడవికి కార్చిచ్చు అంటుకునేది. ఈ కొండ నుంచి ఆ కొండకు పరుగెత్తీ పరుగెత్తీ జంతువుల ప్రాణం విసిగిపోయింది. ఆ ఏడు ఆడదుప్పి నిండుచూలాలు. పొగ వాసన తగలగానే కూలబడిపోయింది. ఇక నావల్ల కాదు, మీరు వెళ్ళిపొండి అంది.

మగదుప్పి స్వామికి మొరపెట్టుకుంది. సృష్టంతా చేసి ఆయనా అలిసిపోయి ఉన్నాడు. మంటను మింగే జీవిని చేస్తాను గానీ మట్టి అయిపోయింది, మీరే తలా కాస్త ఇవ్వాలన్నాడు.

కొండచిలువ కుబుసం ఇచ్చింది. గద్ద అరిగిన గోళ్ళు, గబ్బిలం రెక్కల అంచులు ఇచ్చాయి. స్వామి ఊపిరి పోశాడు. డ్రాగన్ లేస్తూనే ఆవులించింది. అన్నీ వాడేసిన సామానే కదా, పాపం.

తీరా చూస్తే, కాలుతున్న మానులు దారికడ్డంగా పడున్నాయి. బోడి తలతో వాటిని నెట్టడం దానివల్ల కాలేదు. అందరూ మగదుప్పి తలవైపు చూశారు. కొమ్ములు లేకపోతే మంద దాన్ని తరిమేస్తుంది.

"ఏం మామా, నీ పెళ్ళాం కోసం మేమిచ్చాం. నీ తల బరువు మాత్రం తగ్గకూడదా?" అంది గబ్బిలం.

మగదుప్పి ఆడదుప్పిని ఒకసారి చూసి, మద్దిచెట్టుకు తల ఆనించి గట్టిగా నెట్టింది. కొమ్ములు ఊడిపడ్డాయి.

డ్రాగన్ వాటిని తగిలించుకుని మానులు పక్కకు నెట్టింది. మంటను గుక్కగుక్కగా తాగేసింది. వేడి తగ్గిన నేలమీద దుప్పి పిల్ల పుట్టింది.

డ్రాగన్ గుహలో వాలిపోయింది. "నీ కొమ్ములు బొగ్గయిపోయాయి మామా. వచ్చే ఏడు నిప్పు పుడితే మళ్ళీ లేవాలి. అప్పుడెలా?" అని అడిగింది.

"మళ్ళీ ఇస్తాలే. పడుకో," అంది దుప్పి.

స్వామి ఆ మాట విన్నాడు. అప్పటినుంచే మగదుప్పి ఏటా కొమ్ములు రాల్చుకుంటుంది. ఏటా మెత్తటి నూగుతో కొత్తవి మొలుస్తాయి.

మిగతాదంతా మరిచినా ఫరవాలేదు బిడ్డలూ. ఓపిక లేనినాడు కూడా ఆ దుప్పి మళ్ళీ ఇస్తానంది. అది గుర్తుంచుకోండి, వీలైనప్పుడల్లా మీరూ అలాగే చెయ్యండి.