నూకాలు పొద్దు

అనగనగా ఒక ఊరు. ఊ కొట్టండి, కొడితేనే కథ నడుస్తుంది. ఆ ఊరికి మూడు వైపులా కొండలు, నాలుగో వైపు ఏరు. ఊరి చివర పూరిగుడిసెలో నూకాలు అని ఒక ముసలమ్మ ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. గుడిసె కప్పు మీద బీరపాదు ఒకటి ఉంది, అంతే. నలుగురి ఇళ్ళల్లో వడ్లు దంచేది, పేడ ఎత్తేది. ఏ ఇంట్లోనూ ఆమెని కూర్చోమని పీట వేసిన పాపాన పోలేదు.

ఆ ఊళ్ళో ఒక నోము ఉండేది. ఆరుద్ర కార్తె వచ్చిన రోజు తొలిచూలు కోడలు పస్తుండాలి. పొద్దు కొండ వెనక్కి దిగడం కళ్ళారా చూశాకే ముద్ద ముట్టాలి. చూడకుండా తింటే కడుపులో బిడ్డ దక్కదట. మొగుళ్ళకి మాత్రం ఏ పస్తూ లేదు. ఆ నోము పెట్టిన రోజు పెద్దలు భోజనాల మీద ఉన్నారు కాబోలు.

ఆ ఏడు నోము వరాలు మీద పడింది. వరాలు అచ్చియ్యమ్మ కోడలు. తలంటుకుని, కొండవైపు తిరిగి అరుగు మీద కూర్చుంది. ముసురు పట్టింది. పొద్దెక్కడుందో, కొండెక్కడుందో కూడా తెలియని ముసురు.

మొదటిరోజు పొద్దు కనబడలేదు, ముద్ద దిగలేదు. "రేపు తెరిపిస్తుందిలే" అంది అత్త.

రెండోరోజూ పొద్దు కనబడలేదు, ముద్ద దిగలేదు. వరాలు గోడకి జారబడింది. "రేపు తప్పకుండా తెరిపిస్తుంది" అంది అత్త.

మూడోరోజు తెల్లారేసరికి వరాలుకి కళ్ళు తిరిగాయి. కడుపులో బిడ్డ కదలడం తగ్గింది. మొగుడు వాకిట్లో నిలబడి మబ్బుని తిట్టాడు. అమ్మని ఒక్క మాట అనలేనివాడు ఇంకేం చేస్తాడు, మబ్బుని తిట్టాడు.

వడ్లు దంచడానికొచ్చిన నూకాలు వరాలుని చూసింది. రోకలి పక్కన పెట్టేసింది.

"అమ్మగోరూ, పిల్లకి గంజి పొయ్యండి. నిన్న పొద్దు గూకింది, మొన్నా గూకింది."

"నువ్వు చూశావుటే?"

"నేను చూళ్ళేదు. నా బీరపాదు చూసింది."

"పాదుకి కళ్ళుంటాయా?"

"కళ్ళున్న మనం ఈ మూడ్రోజులూ ఏం చూశామమ్మా? బీరమొగ్గ పగలంతా మూతి ముడుచుక్కూచుంటది. పొద్దు దిగే వేళకి విచ్చుకుంటది. ఎండకీ అంతే, వానకీ అంతే."

"మబ్బు చీకటి చూసి పొద్దు గూకిందనుకుందేమో! దాన్ని నమ్మి నా మనవణ్ణి పోగొట్టుకోనా?"

"అయితే చీకటి చేసి చూద్దాం రండి. అది మోసపోతదో, మనం మోసపోయామో తెలిసిపోతది."

ఇద్దరూ గుడిసె దగ్గరికి వెళ్ళారు. అప్పుడే మగవాళ్ళు మధ్యాహ్నం అన్నాలు తిని లేచారు. వాళ్ళ ఆకలికి ఏ మబ్బూ అడ్డం రాదు. చూరు మీంచి వేలాడే తీగని అచ్చియ్యమ్మ తన చేత్తోనే గంపలోకి దించింది. పైన ఇంకో గంప బోర్లించింది. దాని మీద గోనెపట్టా చుట్టింది. లోపల చిమ్మచీకటి.

కాసేపాగి పట్టా ఎత్తి చూసింది. మొగ్గ పిడికిలిలా ఉంది. ఇంకాసేపాగి చూసింది. మొగ్గ పిడికిలిలానే ఉంది. వాన కొట్టింది, వెలిసింది. ఏటి ఒడ్డున చింతచెట్టు ఆకులు ముడుచుకున్నాయి. మూడోసారి ఎత్తి చూసింది.

గంపలో పసుప్పచ్చటి పూలు విచ్చుకుని ఉన్నాయి. తలెత్తి చూస్తే కప్పు మీదా పూలే. మూసినవీ తెరిచినవీ ఒకే వేళకి పూశాయి.

అచ్చియ్యమ్మ ఆ బురదలోనే కూలబడింది.

"నూకాలూ, నా తొలిచూలప్పుడూ ముసురేనే. ఆకలికి ఆగలేక పెరట్లో దడి చాటున గుప్పెడు అటుకులు తిన్నాను. బిడ్డ దక్కలేదు. నా బిడ్డని నేనే తినేశాను అనుకుంటూ బతికాను ఇన్నేళ్ళూ."

నూకాలు ఆమె పక్కనే కూర్చుంది.

"ఆ దడి మీద ఏముందమ్మా?"

అచ్చియ్యమ్మ కళ్ళు మూసుకుంది. "తీగ... పచ్చగా పూలు. నా జడకి తగులుతున్నాయి. బీరపూలే!"

"మొగ్గలా, పూలా?"

"పూలే నూకాలూ. పూలే."

"అయితే పొద్దు గూకాకే తిన్నావు. ముందు తిన్నా గుప్పెడు అటుకులు బిడ్డల్ని చంపవమ్మా. నీకు సాక్షి కావాలి గనక పాదుని పిలిచాను."

అచ్చియ్యమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే లేచింది. ఏడుస్తూనే ఇంటికి పరిగెత్తింది. గంజి కాచి, ఉప్పేసి, ఊది ఊది కోడలికి తానే తాగించింది. మూడో గుక్కకి వరాలు చెయ్యి కడుపు మీదకి పోయింది.

"అత్తా, తన్నుతున్నాడు!"

"తన్ననీవే తల్లీ, మూడ్రోజుల కోపం!" అంది అచ్చియ్యమ్మ. పస్తు మొదలయ్యాక ఆ ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదటిసారి. వెనకాలే వచ్చి గుమ్మం బయట నిలబడిన నూకాలుకి ఆమె పీట తెచ్చి వేసింది.

నూకాలు ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తులేదు. ఆమెను మట్టి చేసిన చోట వరాలు కొడుకు బీరగింజ నాటాడట. దాని గింజలే ఊరంతా పాకాయి. నోము ఊసు ఇప్పుడు ఎవరూ ఎత్తరు. ముసురు పట్టిన రోజున మాత్రం ఆడవాళ్ళు దడివైపు చూస్తారు. పువ్వు విచ్చితే "నూకాలు పొద్దయింది" అని దీపం పెడతారు. కడుపుతో ఉన్నదానికే ముందు వడ్డిస్తారు, మగవాళ్ళకి ఆ తర్వాత. పక్కన ఒక పీట ఖాళీగా వేసి ఉంచుతారు.

ఏ ఇంట్లోనైనా కోడల్ని ఆకలితో కూర్చోబెట్టారని తెలిసిందా, పక్కింటామె దడి మీంచి ఊరంతా వినబడేలా కేకేస్తుంది:

"ఏమమ్మా, మీ ఇంట్లో ఇంకా బీర పూయలేదా?"