గోతి అంచున అర్థశాస్త్రం

వెనకటికి ఒక రాజుగారి కొలువులోకి మార్తాండశర్మ అనే పండితుడు వచ్చాడు. విద్యాపీఠంలో అర్థశాస్త్రం చదివినవాడు. వస్తూ వస్తూ తన శిష్యులందరినీ వెంటబెట్టుకొచ్చాడు.

ఆ ఏడు వంకాయలు విరగకాశాయి. సంతలో ధర పడిపోయింది, రాజుగారి సుంకమూ పడిపోయింది.

"సరుకు ఎక్కువైతే విలువ తగ్గుతుంది ప్రభూ. సగం పారేస్తే మిగతా సగానికి విలువొస్తుంది. లోకంలో దేనికైనా ఇదే సూత్రం" అన్నాడు శర్మ.

సంత పక్కనే పెద్ద గొయ్యి తవ్వించారు. రాజుగారు చూస్తుండగా శిష్యులతో సహా శర్మ దాని అంచున నిలబడ్డాడు. భటులు ముందుగా వంకాయలమ్మే తిరపమ్మ గంప పట్టుకున్నారు. ఆ కాయలు అమ్మితేనే ఆ పూట ఆవిడ పిల్లలకి కూడు. అందుకే గంప వదలకుండా రాజుగారి ముందుకే వెళ్లింది.

"బాబుగారూ, ఇదివరకు తమకి సలహా చెప్పేవాడు ఒక్కడే. ఆయన మాటకి ఎంత విలువుండేదో! ఇప్పుడు ఇంతమందయ్యారు. వీళ్లలో సగం మందిని గోతిలోకి తోయిస్తే మిగతావాళ్లకి విలువొస్తుంది కదండీ?"

రాజుగారు మీసం దువ్వుకున్నారు. "ఏం శర్మా, దేనికైనా అన్నావుగా?"

శిష్యులు ఒకరి వెనక ఒకరు నక్కారు. శర్మ గోతిలోకి ఓసారి తొంగిచూశాడు. "ప్రభూ, పారేస్తే ఎంత నష్టమో కూడా చూడమంటుంది శాస్త్రం. పొరుగూరి సంతకి పంపితే కాయలన్నీ అమ్ముడుపోతాయి."

"మరి ఈ ముక్క ముందే చెప్పలేదేం?" అన్నారు రాజుగారు.

తిరపమ్మ గంప నెత్తికెత్తుకుంది.

"చదువు మంచిదేనండీ. గోతి అంచున నిలబెట్టి అడిగితే ఇంకా బాగా గుర్తొస్తుంది."