నీటికి ఇంకో మాట

ఆ పొద్దున ఉమాపతికి కాలు ఒకచోట నిలవలేదు. నిఘంటువు మొత్తం కంఠస్థం చేసి నెల కూడా కాలేదు, అప్పుడే గురువుగారు పిలిచి చేతికి ఒక తాటాకు ఇచ్చారు!

విరూపాక్షయ్య గారు నల్లమల అంచున ఆశ్రమం కట్టుకుని వైద్యం చేసేవారు. మాట చాలా తక్కువ. "ఇందులో మాటలు మార్చి రాయి నాయనా" అన్నారు. అంతే, ఎటో వెళ్లిపోయారు.

అతిసారం పట్టిన పిల్లలకు కాచిన జలంలో లవణం, మాక్షికం కలిపి తాగించాలని ఆకు మీద ఉంది. ఎలా మార్చాలి? ఎవరికోసం? ఉమాపతికి ఒక్క క్షణం సందేహం వచ్చింది. ఇంత చదివీ ఇది తెలియదా అనుకుంటారేమోనని వెళ్లి అడగలేదు.

ఘంటం పట్టాడు. జలానికి ఎన్ని పేర్లని! అందరికీ తెలిసినవి వదిలేసి, పండితులు మాత్రమే ఎరిగిన 'విషం' ఏరుకున్నాడు. లవణం 'సైంధవం' అయింది. మాక్షికం 'మధువు' అయింది. రాస్తుంటే ఒళ్లు పులకరించింది. ఆకు పట్టుకుని ఒక్క పరుగున వచ్చాడు.

గురువుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా కింది గూడెం నుంచి వచ్చిన గురవమ్మ, ఆమె ఒళ్లో మూడేళ్ల కూతురు. పిల్ల కళ్లు లోతుకు పోయాయి.

ఆయన ఆకు చూసి మళ్లీ అతని చేతికే ఇచ్చారు. "ఈమెకు చదివి వినిపించు."

ఉమాపతి గొంతు సవరించుకున్నాడు. "కాచి చల్లార్చిన విషంలో చిటికెడు సైంధవం, చెంచాడు మధువు కలిపి, బిడ్డకు గుక్క గుక్కగా..."

గురవమ్మ పిల్లను గుండెకు అదుముకుని లేచింది. "ఇసమా సామీ? నా బిడ్డకు ఇసం తాపమంటాండావా? దాంట్లోకి కల్లు కూడానా?"

"కాదమ్మా! నిఘంటువులో విషమంటే..."

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. ఉమాపతి పరిగెత్తి దారికి అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, ఆగు! నీళ్లు! ఉత్త నీళ్లే!"

ఆమె నమ్మలేదు.

గురువుగారు లోపలికి వెళ్లి గిన్నెలో మందు కలిపి తెచ్చారు. ఆమె చూస్తుండగా చేతిలో కాస్త పోసుకుని ముందు తాను తాగారు. తర్వాత గిన్నె ఆమెకు అందించారు. పిల్ల ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క కోసం నోరు తెరిచింది.

ఉమాపతి తల వంచుకున్నాడు. "ఎవరికోసమో మీరు చెప్పలేదు గురువుగారూ."

"సగమే చెప్పాను నాయనా. మిగతా సగం అడుగుతావని చూశాను."

ఉమాపతి లోపలికి ఉరికి కొత్త ఆకు, మధువు ఉన్న ముంత తెచ్చుకున్నాడు. ఘంటం పట్టుకుని గురవమ్మ ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ మధువును మీ గూడెంలో ఏమంటారు?"

"యేది? ఇది తేనె గదా సామీ" అంది గురవమ్మ ముంతలోకి తొంగి చూసి. "తేనెను తేనె అనకుండా యేమంటారు?"