ఓబుళమ్మ పెట్టిన వాలు

అనగనగా, వానకు దారి మనుషులే చూపవలసిన కాలంలో, నాపరాళ్ల సీమలో ఓబుళమ్మ అనే ఒంటరి స్త్రీ ఉండేది. పెరళ్లలో బండలు పరచడం ఆమె వృత్తి.

ఆమె ఊరిలో నాగిరెడ్డి పూలతోట, ఇళ్లకు ఎగువన గట్టుమీద ఉండేది. అతని తల్లి చెన్నమ్మవ్వ తోట బురదలో జారిపడి, కర్ర లేనిదే నడవలేని స్థితికి వచ్చింది. వానలు రాకముందే బండలు పరచమని నాగిరెడ్డి ఓబుళమ్మను పిలిచాడు.

బండల మీద నీరు నిలిస్తే పాచి పడుతుంది. పాచి పడితే అవ్వ మళ్లీ పడుతుంది. కనుక వాలు ఉండాలి. ఉత్తరాన గట్టు ఇంకా ఎత్తు. మరి ఎటు?

ఓబుళమ్మ సున్నం వేయకుండా బండలను తూర్పు వాలుగా పేర్చి, కడవెడు నీళ్లు పోసింది.

"నీళ్లు ఎవరింటికి?" అని తనను తాను అడుగుకొంది.

కుమ్మరి సుంకన్న ఆరబెట్టిన పచ్చికుండల మీదికి. బండలు తీసివేసింది.

పడమటి వాలుగా పేర్చి, మళ్లీ పోసింది.

"నీళ్లు ఎవరింటికి?"

ముసలి గంగులమ్మ ఏడాది తిండికి దాచుకొన్న జొన్నల పాతరలోకి. ఆ బండలూ తీసివేసింది.

"ఏందే ఓబుళమ్మా, బండలకు తలంటు పోస్తాండావా?" అని అవ్వ నవ్వింది.

నాగిరెడ్డి విసుక్కొన్నాడు. "గోడ దాటినాక ఎటు పోతే నీకేమమ్మే?"

"గోడవతల కూడా మనుషులే ఉండారు రెడ్డీ."

దక్షిణపు వాలుగా పేర్చి, మూడోసారి పోసింది.

"నీళ్లు ఎవరింటికి?"

ఓబుళమ్మ మట్టిగుడిసెకే.

"ఈ ఇంటామెను నేను ఒప్పిస్తాలే" అని చిన్నగా నవ్వి, సున్నం కలిపింది.

తోట పని ముగించి, అక్కడినుంచి తన గుడిసె పక్కగా, దిగువన పారే వంకదాకా కాలువ తవ్వడం మొదలుపెట్టింది. మబ్బు కమ్ముతుండగా సుంకన్న వచ్చాడు.

"నేనూ పార పట్టనా చెల్లీ?"

"ముందు నీ కుండలు కాల్చుకో అన్నా. తడిస్తే మళ్లా మన్నే."

కాలువ గుడిసెదాకా వచ్చింది. వంకను చేరకముందే వాన వచ్చింది.

కుండలు తడవలేదు. జొన్నలు తడవలేదు. వాన వెలిశాక చెన్నమ్మవ్వ బండల మీద జారకుండా నడిచింది. దిగువన ఓబుళమ్మ గుడిసె గోడ కూలి ఉంది. ఆమె ప్రాణం ఆ గోడ కిందనే పోయింది.

మిగిలిన కాలువను సుంకన్న, గంగులమ్మ, నాగిరెడ్డి కలిసి వంకదాకా తవ్వారు. చివరకు చెన్నమ్మవ్వ బండల మీద కడవెడు నీళ్లు పోసి అడిగింది.

"ఓబుళమ్మా, నీళ్లు ఎవరింటికి?"

నీళ్లు తోట దాటి, ఆ కూలిన గోడ పక్కగా సాగి, వంకలో కలిశాయి.

"ఎవరింటికీ కాదవ్వా" అన్నాడు సుంకన్న.

ఇప్పటికీ ఆ సీమలో పెరట్లో బండలు పరిచేవారు ముందుగా వాటిని వట్టిగానే పేర్చి, ఒక కడవ నీళ్లు పోస్తారు. ఇంటి పెద్దామె ఓబుళమ్మను పేరుపెట్టి పిలిచి ఆ మాటే అడుగుతుంది. గోడవతల నిలబడిన ఇరుగుపొరుగువారు "ఎవరింటికీ కాదు" అని బదులు పలికేదాకా ఎవరూ సున్నం కలపరు.