పగడం మీద నాచు

విశాఖపట్నంలో పెదవాల్తేరు దగ్గర పైడిరాజు అనే పెద్దమనిషి ఉండేవాడు. ఇంట్లో ఏ చెంబు దొర్లినా ఎవరి కాలు తగిలి దొర్లిందో ఇట్టే చెప్పేసేవాడు, ఆ కాలు తనది కానంతవరకు.

ఆయన చెల్లెలు నూకరత్నం ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. అన్నావదినలతోనే ఉండేది. ముందుగదిలో పెద్ద గాజుతొట్టి పెట్టి, అందులో ఉప్పునీళ్ళు నింపి, నాలుగు రంగుచేపలు, నాచు తినే కొన్ని నత్తలతో పాటు ఒక పగడాన్ని పెంచేది. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకునేరు. ఇది బతికున్న పగడం. పూలగుత్తిలా ఉంటుంది కాని పువ్వు కాదు. ఒళ్ళంతా చిన్న చిన్న నోళ్ళున్న ప్రాణి. మంచి వెలుతురూ శుభ్రమైన నీళ్ళూ ఉంటే నెమ్మదిగా పెరుగుతుంది. నూకరత్నం దాన్ని బొటనవేలంత ముక్కగా తెచ్చి, ఏళ్ళ తరబడి సాకి, పళ్ళెమంత చేసింది. అందులో సగం కోసి కాలేజీకి ఇవ్వాలని ఆమె కోరిక. అక్కడి పిల్లలు అల్మారాలో దుమ్ముపట్టిన పగడపు ఎముకనే చూశారు తప్ప, ప్రాణమున్న పగడాన్ని ఎన్నడూ చూడలేదు.

ఒక వేసవిలో ఆమె శిక్షణ కోసం కొచ్చి వెళ్ళవలసి వచ్చింది. తొట్టిని అన్నకు అప్పగించింది.

"అన్నయ్యా, మేత రోజుకి ఒక్కసారే. చిటికెడు. చేపలు ఎప్పుడు చూసినా ఆకలిగా ఉన్నట్టే మూతులు తెరుస్తాయి. నమ్మకు."

"పోర్టులో ఓడలనే చూసుకున్నాను. నీ తొట్టి నాకో లెక్కా?" అన్నాడు పైడిరాజు.

పైడిరాజు పోర్టు ఉద్యోగం నుంచి కొత్తగా రిటైరయ్యాడు. పొద్దస్తమానం ఎవరో ఒకరు పలకరించడానికి వచ్చేవారు. ఎవరొచ్చినా కాఫీ ఇవ్వడం ఆ ఇంటి అలవాటు. కాఫీ గ్లాసులు రాగానే పైడిరాజు లేచి తొట్టిలో చిటికెడు మేత వేసేవాడు. చేపలు ఎగబడేవి. చుట్టాలు చప్పట్లు కొట్టేవారు.

ఆయన భార్య కనకం ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది. "రత్నం ఒక్కసారే వెయ్యమంది కదండీ?"

"మనం కాఫీ తాగుతూంటే అవి గుటకలు మింగుతూ చూడాలా? మా వంశంలో అలాంటి అలవాటు లేదు," అనేవాడు.

చేపలు తినగలిగినంత తిన్నాయి. మిగిలిన మేత రాళ్ళ సందుల్లో కుళ్ళింది. కుళ్ళిన మేత నాచుకు ఎరువు. నాచుకు కాళ్ళు లేవు, దానంతటది నడిచి రాదు. మనం పెంచితేనే పెరుగుతుంది. మొదట గాజు మీద పచ్చటి నూగు కనిపించింది. తర్వాత రాళ్ళ మీద జుట్టులా పెరిగింది. ఆఖరికి పగడం అంచులకు పట్టుకుంది. నాచు కప్పినచోట పగడానికి వెలుతురు అందలేదు. దాని నోళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి.

పైడిరాజుకు ఒళ్ళు మండింది.

"కనకం! ఆ కిటికీ కర్టెను తీసింది ఎవరు? ఎండ పడి నాచు పట్టింది!"

"కర్టెను ఉతకడానికి తీశాను. మళ్ళీ ఆ సాయంత్రమే వేశాను."

"అయితే ఈ నత్తలు! నాచు తింటాయని రత్నం తెచ్చి పెట్టింది. అన్నీ సోమరిపోతులే!" అని గాజుకు అతుక్కున్న నత్తల్ని కూడా తిట్టాడు. వాటికి నోరు లేదు కనుక ఎదురు చెప్పలేదు.

ఆ రాత్రి చెల్లెలు ఫోను చేసింది. నాచు సంగతి విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"మేత ఎంత వేస్తున్నావన్నయ్యా?"

"నన్ను అనుమానిస్తున్నావా? నువ్వు చెప్పినట్టే. రోజుకి ఒక్కసారి!"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కనకం నోరు తెరిచింది. ఆయన కళ్ళెర్రజేశాడు. ఆమె నోరు మూసుకుంది. అక్కడే మూసుకోకుండా ఉండవలసింది.

"సరే," అంది నూకరత్నం. "నాచును చేత్తో మెల్లిగా పీకెయ్. నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చు. మేత రోజు విడిచి రోజు వెయ్యి. మందులు మాత్రం పొయ్యకు. పగడం తట్టుకోదు."

పైడిరాజు చేతులు ముడతలు పడేదాకా నాచు పీకాడు. ఒక పక్క పీకుతూనే, చుట్టాలు రాగానే మేత వేశాడు. పీకినంతా మళ్ళీ మొలిచింది. చివరికి కోపం పట్టలేక రంగుచేపల కొట్టుకు వెళ్ళి నాచును చంపే మందు కావాలన్నాడు.

"పగడం ఉన్న తొట్టికి ఇది పనికిరాదండి," అన్నాడు కొట్టువాడు.

"సరుకు అడిగాను. సలహా అడగలేదు," అన్నాడు పైడిరాజు.

సీసా మీద చెప్పినదానికి రెట్టింపు పోశాడు. తెల్లారేసరికి నాచు తెల్లబడి రాలిపోయింది. పైడిరాజు మురిసిపోయాడు. పక్కింటివాళ్ళను పిలిచి చూపించాడు. ఆ సంతోషంలో ఇంకో చిటికెడు మేత కూడా వేశాడు.

సాయంత్రానికి నత్తలు గాజు మీంచి ఊడి వెల్లకిలా పడ్డాయి. చచ్చిన నాచు కుళ్ళి నీళ్ళు కంపుకొట్టాయి. చేపలు పైకి వచ్చి రొప్పాయి. పగడం ఒంటి మీది మెత్తటి పొర చిరిగిన గుడ్డలా ఊడి, లోపలి తెల్లటి ఎముక బయటపడింది.

ఈసారి ఫోను కనకం చేసింది.

నూకరత్నం మర్నాడే వచ్చింది. చెప్పులైనా విప్పకుండా తొట్టిలో చెయ్యి పెట్టి రాళ్ళ కింద వేళ్ళు తిప్పింది. గుప్పెడు బూజుపట్టిన మేత పైకి తీసి అన్న ముందు పెట్టింది.

"ఇది రోజుకి ఒక్కసారా?"

"ఆ కొట్టువాడు దొంగమందు ఇచ్చాడు! పైగా మీ వదిన కర్టెను..."

"కర్టెను మాట ఇంకొక్కసారి ఎత్తారంటే నేను ఊరుకోను," అంది కనకం. "వచ్చిన ప్రతివాడి ముందూ మేత వేశారు. ఆ అబద్ధం మీరు చెబుతూంటే గుమ్మంలో నిలబడి విన్నాను. నాదీ తప్పే రత్నం. నీకు అప్పుడే చెప్పాల్సింది."

పైడిరాజు గొంతు తగ్గింది. "ఇంటికొచ్చినవాళ్ళకి కాస్త మర్యాదగా ఉంటుందని..."

"నీ మర్యాదకి కాఫీలు కాచింది వదిన. ప్రాణం ఇచ్చింది నా పగడం. నీకేం ఖర్చయింది?" అంది నూకరత్నం. "నేను అడిగిన రోజున నిజం చెప్పి ఉంటే మేత ఆపమనేదాన్ని. చేపలు నాలుగు రోజులు పస్తుండేవి, నాచు తగ్గేది. నువ్వు నాచును పీకావు, నత్తల్ని తిట్టావు, మందు పోశావు. నీ చెయ్యి మాత్రం ఆపలేదు!"



పగడాన్ని తిరగేసి చూస్తే, అడుగున బొటనవేలంత ముక్క ఇంకా రంగు పోకుండా బతికే ఉంది. నూకరత్నం దాన్ని కోసి, శుభ్రమైన ఉప్పునీళ్ళ డబ్బాలో పెట్టింది. బతికిన చేపల్ని మరో డబ్బాలో వేసింది.

"కాలేజీకి సగమే ఇద్దామనుకున్నాను. ఇప్పుడు ఉన్నదంతా అక్కడికే ఇస్తాను. ఈ ఇంట్లో ఉంచను," అంది. డబ్బాలు రెండూ తీసుకుని ఆటో ఎక్కింది. ఆ ముక్క మళ్ళీ పళ్ళెమంత కావడానికి మళ్ళీ అన్నేళ్ళూ పడుతుంది.

కొన్నాళ్ళకు పైడిరాజు పాత స్నేహితుడు ఒకడు వచ్చాడు. కనకం కాఫీ తెచ్చింది. అతను ఖాళీ తొట్టి అడుగున ఉన్న తెల్లటి ముద్దను చూసి, "ఈ రాయి భలే ఉంది పైడిరాజూ! ఎక్కడ కొన్నావు?" అన్నాడు.

పైడిరాజు కిటికీ వైపు చూశాడు. కనకం వైపు చూశాడు. కనకం చూపు తిప్పుకోలేదు.

"అది రాయి కాదు," అన్నాడాయన. "నేను చంపుకున్న ప్రాణి. మేత ఎక్కువ వేసి, వెయ్యలేదని అబద్ధమాడాను."

ఆయన నోట తన తప్పు వినడం ఆ ఇంటికి అదే మొదటిసారి. పగడానికి మాత్రం అది పనికిరాలేదు.

నీతి: తప్పు జరిగినప్పుడు ముందు మన చెయ్యి మనం చూసుకోవాలి; ఆలస్యంగా ఒప్పుకున్న తప్పు మనిషిని బాగుచేస్తుందేమో గాని, పోయిన ప్రాణాన్ని తెచ్చిపెట్టదు.